నెహెమ్యా కాలం నుండి నజరేతు వరకు: యూదా దేశంలో శిస్తు, అప్పు, విడుదల

1. ఉపోద్ఘాతం

మలాకీ గ్రంథం ముగిసిన తరువాత మత్తయి సువార్త మొదలయ్యే వరకు సుమారు నాలుగు వందల సంవత్సరాలు గడిచాయి. ఈ కాలాన్ని "నిశ్శబ్ద కాలం" అని పిలవడం మన ప్రసంగాలలో వాడుక. వేదాంత కళాశాలల్లో దీనిని నిబంధనల మధ్య కాలం అనే పేరుతో బోధిస్తారు. విద్యార్థులు పారసీకులు, గ్రీకులు, మక్కబీయులు, రోమీయులు అని వరుసగా నాలుగు పేర్లు కంఠస్థం చేసి పరీక్ష వ్రాస్తారు. ఆ తరువాత ఆ పేర్లు ప్రసంగవేదిక మీదికి రావడం అరుదు. రాజుల వంశావళితో మన గ్రామ సంఘానికి ఏమి పని అనే ప్రశ్న సేవకుని మనసులో ఉండడం సహజమే.

ఈ వ్యాసంలో మేము ఆ నాలుగు వందల సంవత్సరాలను రాజుల వైపు నుండి కాక, పొలం వైపు నుండి చూడదలచాము. ఆ కాలపు యూదా రైతు ఎవరికి శిస్తు కట్టాడు? కట్టలేనప్పుడు ఎవరి దగ్గర అప్పు తెచ్చాడు? తీర్చలేనప్పుడు అతని పొలం, అతని బిడ్డలు ఏమయ్యారు? విడుదల సంవత్సరం గురించిన ధర్మశాస్త్రాన్ని అతడు ఏ ఆశతో విన్నాడు? ఈ ప్రశ్నలకు లభించే సమాధానాలను వరుసగా పేర్చి చూస్తే, యేసు ప్రభువు నేర్పిన ప్రార్థనలో "ఋణములు" అనే మాట ఎందుకు ఉందో తేటపడుతుందని మా అభిప్రాయం. ఆ మాటను మనం ఎలా బోధిస్తున్నామనేది కర్నూలు, కడప ప్రాంతాల సేవకులకు చిన్న విషయం కాదు.

2. రెండు మెట్ట సీమలు

యెరూషలేములో ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. మన అనంతపురంలో కురిసేది కూడా దాదాపు అంతే. కర్నూలు, కడపలలో కొంత ఎక్కువ. అక్కడ వర్షం చలికాలంలో పడుతుంది, ఇక్కడ నైరుతి, ఈశాన్య ఋతుపవనాలలో పడుతుంది. అయినా తొలకరి వర్షం, కడవరి వర్షం అనే బైబిలు మాటలను వివరించడానికి మన గ్రామాలలో వ్యాఖ్యాన గ్రంథం అవసరం లేదు. ఒక్క వాన తప్పితే విత్తనం ఖర్చు కూడా రాదని ఇక్కడ పిల్లలకు సైతం తెలుసు.

1800లో నిజాము ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి దత్తం చేశాడు. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ ఉండి, పొలాలు కొలిపించి, రైతువారీ శిస్తు నిర్ణయించాడు. నవాబు ఏలుబడిలో ఉన్న కర్నూలు 1839లో కంపెనీ చేతికి వచ్చింది. 1863లో మొదలైన కర్నూలు-కడప కాలువ నీరు దాని వెంబడి ఉన్న పొలాలకే అందింది. తక్కిన సీమంతా ఆకాశం వైపు చూస్తూనే ఉండిపోయింది. 1876-78లో వచ్చిన ధాత కరువు తరువాత చూస్తే, 1871 జనాభా లెక్కతో పోల్చినప్పుడు 1881 లెక్కలో కర్నూలు జిల్లా జనం సుమారు నాలుగో వంతు తగ్గిపోయారు.

అది పాత కథ అనుకోనక్కర లేదు. 2019లో కేంద్ర ప్రభుత్వ గణాంక కార్యాలయం జరిపిన సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ కుటుంబాలలో 93.2 శాతం అప్పులో ఉన్నాయి. దేశం మొత్తం మీద ఆ లెక్క 50.2 శాతం మాత్రమే. ఆదోని, కోసిగి వైపు గ్రామాలలో పంట పోయిన ఏడు కుటుంబాలు ఇంటికి తాళం వేసి సుగ్గికి పోతాయి. ఆదివారం ఆరాధనలో ఖాళీగా కనబడే చాపలే ఆ ఏటి పంట లెక్క చెబుతాయి. ఇట్టి సంఘాలకు కాపరులుగా ఉన్నవారు యూదుల చరిత్రను చదివేటప్పుడు ఇతరులకు కనబడనివి కొన్ని కనబడతాయి.

3. పారసీకుల కాలం: నెహెమ్యా విన్న మొర

క్రీ.పూ. 539లో కోరెషు బబులోనును పట్టుకున్నాడు. చెరలో ఉన్నవారు తిరిగి వచ్చారు. క్రీ.పూ. 515లో రెండవ దేవాలయం పూర్తయింది. మన ప్రసంగాలు సాధారణంగా ఇక్కడ సంతోషంతో ఆగిపోతాయి. కాని తిరిగి వచ్చినవారు స్వతంత్రులుగా రాలేదు. పారసీక సామ్రాజ్యంలో ఒక చిన్న పరగణా ప్రజలుగా వచ్చారు. హెరొడోటస్ వ్రాసిన చరిత్రలో ఫేనీకే, పాలస్తీనా సిరియా, కుప్ర కలిసిన అయిదవ మండలం ఏటా 350 తలాంతుల వెండి కట్టవలసి ఉండేదని ఉంది. పండించేది ధాన్యం, కట్టవలసినది వెండి. కోత కాగానే అందరూ ఒకేసారి అమ్మితే ధర పడిపోతుందని, ఆ ధరకే అమ్మి కిస్తు కట్టక తప్పదని రైతు ఎవరికైనా తెలుసు.

క్రీ.పూ. 445లో అర్తహషస్త రాజు ఇరువదవ ఏట నెహెమ్యా అధికారిగా వచ్చి గోడ కట్టించడం మొదలుపెట్టాడు. గోడ పని సగంలో ఉండగా లేచిన మొర నెహెమ్యా 5వ అధ్యాయంలో ఉంది. దానిని జాగ్రత్తగా చదివితే మూడు గుంపుల గొంతులు వేరువేరుగా వినబడతాయి. మొదటి గుంపుకు పొలం మాటే లేదు. పిల్లలు ఎక్కువమంది, తిండి లేదు. రెండవ గుంపు కరువులో ధాన్యం కోసం పొలాలు, ద్రాక్షతోటలు, ఇండ్లు తాకట్టు పెట్టింది. మూడవ గుంపు రాజుకు శిస్తు కట్టడానికి వెండి అప్పు తెచ్చింది. ఇప్పటికే తమ కుమార్తెలలో కొందరు దాసత్వంలో ఉన్నారని, పొలాలు పరుల చేతిలో ఉన్నందున విడిపించే శక్తి లేదని వారు చెప్పారు. భూమి లేనివాడు, తాకట్టు పెట్టినవాడు, శిస్తుకు అప్పు చేసినవాడు: ఏ మెట్ట గ్రామంలోనైనా ఈ ముగ్గురు నేటికీ కనబడతారు.

అప్పు ఇచ్చినవారు పరదేశులు కారు, సొంత సహోదరులే. ఇంకొక విషయం 10వ వచనంలో ఉంది. తానూ తన బంధువులూ తన దాసులూ కూడా అప్పు ఇచ్చినవారేనని నెహెమ్యా స్వయంగా చెబుతాడు. ఇతరులను గద్దించిన నోటితోనే తన పేరును కూడా ఆ జాబితాలో చేర్చాడు. పొలాలు ఆ దినమే తిరిగి ఇవ్వాలని, వసూలు చేసిన నూరవ భాగాన్ని విడిచిపెట్టాలని కోరి, యాజకుల ఎదుట ప్రమాణం చేయించాడు. పూర్వపు అధికారులు తీసుకున్న 40 తులముల వెండిని, అధికారికి రావలసిన ఆహార భత్యాన్ని తాను 12 సంవత్సరాలు ముట్టలేదని వ్రాశాడు. దేవాలయం పూర్తయిన 70 ఏండ్లకు ప్రజల నిజమైన స్థితి ఇది. దేవాలయం ఉంది, గోడ లేస్తున్నది, గోడ కడుతున్నవారి బిడ్డలు మాత్రం దాసత్వంలో ఉన్నారు.

ఆ కాలపు వడ్డీ ఎంత ఉండేదో తెలిపే ఒక అసలు పత్రం ఐగుప్తులో దొరికింది. నైలు నదిలోని ఎలెఫాంటీన్ ద్వీపంలో పారసీకుల కొలువులో యూదా సైనికుల కాలనీ ఉండేది. క్రీ.పూ. 456 నాటి అరామిక్ ప్రోనోటు ఒకటి అక్కడి కాగితాలలో ఉంది. యెహోహెను అనే స్త్రీ మెషుల్లాము అనే యూదుని దగ్గర 4 తులముల వెండి అప్పు తీసుకున్నది. వడ్డీ తులానికి నెలకు 2 హల్లూరులు. అక్కడి లెక్కలో తులానికి 40 హల్లూరులు. అనగా నూటికి నెలకు అయిదు. మన ఊళ్ళ మాటలో చెప్పాలంటే "అయిదు రూపాయల వడ్డీ". కట్టని వడ్డీ అసలులో కలుస్తుందని, ఆమె చనిపోతే ఆమె పిల్లలు తీర్చాలని కూడా అందులో షరతులున్నాయి. సహోదరుని యొద్ద వడ్డీ తీసుకొనరాదనే ఆజ్ఞ (నిర్గమ 22:25, ద్వితీ 23:19) ఏ సంగతిని చూచి పలికినదో ఈ చిన్న పత్రం తెలియజేస్తుంది.

4. గ్రీకు రాజుల కాలం: శిస్తు ఇజారా

క్రీ.పూ. 332లో అలెగ్జాండరు ఈ దేశం మీదుగా ఐగుప్తుకు సాగిపోయాడు. అతని మరణం తరువాత సేనాధిపతులు రాజ్యాన్ని పంచుకోగా, క్రీ.పూ. 301 నుండి సుమారు నూరేండ్లు యూదా దేశం ఐగుప్తును ఏలిన టోలమీ రాజుల క్రింద ఉంది. ఈ రాజులు శిస్తు వసూలును ఇజారాకు ఇచ్చేవారు. ఏటేటా అలెగ్జాండ్రియాలో వేలం జరిగేది. ఎక్కువ పాడినవాడు ఆ మొత్తం రాజుకు కట్టి, తన లాభం కలుపుకొని జనం దగ్గర వసూలు చేసుకుంటాడు. తోబీయా కుమారుడైన యోసేపు అనే యూదుడు ఈ వేలంలో ఇతరులు పాడిన 8,000 తలాంతులకు రెట్టింపు పాడి, 22 సంవత్సరాలు ఇజారాదారుగా ఉన్నాడని, ఎదిరించిన అష్కెలోను పట్టణంలో సుమారు 20 మంది ప్రముఖులను చంపించాడని జోసీఫస్ వ్రాశాడు. ఆ అంకెలలో అతిశయోక్తి ఉండవచ్చు గాని పద్ధతి మాత్రం అదే. సువార్తలలోని సుంకరులకు పూర్వికులు వీరే.

టోలమీ ఆర్థిక మంత్రి అపొల్లోనియసుకు ప్రతినిధిగా ఉన్న జెనో అనేవాడు క్రీ.పూ. 259లో పాలస్తీనాలో పర్యటించాడు. అతని కాగితాలు ఐగుప్తు ఇసుకలో భద్రంగా దొరికాయి. వాటిలో ధాన్యం, నూనె లెక్కల మధ్య అమ్మోనీయుల దేశంలో జరిగిన ఒక క్రయపత్రం ఉంది. అమ్మబడినది స్ఫ్రాగిస్ అనే సుమారు ఏడేండ్ల ఆడపిల్ల. నెహెమ్యా కాలంలో తలిదండ్రులు చేసిన మొర ఆ దేశంలో రెండు వందల ఏండ్ల తరువాత కూడా తీరలేదు.

5. రాజు బాకీ, ప్రజల మెడకు

క్రీ.పూ. 200 ప్రాంతంలో సిరియాను ఏలిన సెల్యూకస్ వంశపు మూడవ అంతియొకసు యూదా దేశాన్ని గెలిచాడు. మొదట అతడు దయ చూపాడు. యెరూషలేముకు మూడేండ్లు పన్ను మినహాయించాడు. కాని పదేండ్లకే అతడు రోమీయుల చేతిలో ఓడిపోయాడు. క్రీ.పూ. 188లో అపమేయాలో కుదిరిన సంధి ప్రకారం 12,000 తలాంతులు 12 ఏటి కిస్తులలో రోమాకు కట్టవలసి వచ్చింది. అక్కడి నుండి సెల్యూకస్ రాజులు డబ్బు కోసం దేవాలయాల వైపు చూడసాగారు. యెరూషలేము దేవాలయ ధననిధిని తీసుకొనడానికి హెలియొదోరు అనే అధికారి వచ్చిన వృత్తాంతం మక్కబీయుల రెండవ గ్రంథం 3వ అధ్యాయంలో ఉంది.

క్రీ.పూ. 175లో యాసోను రాజుకు డబ్బు వాగ్దానం చేసి ప్రధాన యాజకత్వాన్ని సంపాదించుకున్నాడు. మూడేండ్లకు మెనెలాయు అతనికంటె 300 తలాంతులు ఎక్కువ పాడి దానిని లాగుకున్నాడు. శిస్తు ఇజారాను వేలం వేసిన చేతులే ఇప్పుడు యాజకత్వాన్ని వేలం వేశాయి. ఆ పాట సొమ్ము ఎక్కడి నుండి రావాలి? దేవాలయ పాత్రల నుండి, ప్రజల దశమభాగాల నుండి రావలసిందే. క్రీ.పూ. 167లో నాలుగవ అంతియొకసు దేవాలయాన్ని అపవిత్రపరచడం, మత్తతీయ కుమారులు తిరుగబడడం, క్రీ.పూ. 164లో యూదా మక్కబీ దేవాలయాన్ని తిరిగి ప్రతిష్ఠించడం మనకు తెలిసినవే. ఇది విశ్వాసం కొరకైన పోరాటమనుటలో సందేహం లేదు. అయితే ఆ పోరాటం సాగుతుండగా యూదులను తన వైపు త్రిప్పుకొనడానికి దేమేత్రియ రాజు చేసిన వాగ్దానం మక్కబీయుల మొదటి గ్రంథం 10వ అధ్యాయంలో ఉంది. ధాన్యంలో మూడవ వంతు, చెట్ల ఫలంలో సగం తనకు రావలసి ఉండగా దానిని వదులుకుంటానన్నాడు. రైతు ఎంత మోశాడో ఆ వాగ్దానమే చెబుతున్నది.

క్రీ.పూ. 142లో సీమోను కాలంలో అన్యరాజుల పన్ను తొలగిపోయింది. సుమారు ఎనభై ఏండ్లు యూదులు తమవారి ఏలుబడిలో ఉన్నారు. దీనికి ముందు, పోరాటం సాగుతున్న కాలంలోనే, విడుదల సంవత్సరపు ధర్మం వట్టి కాగితం మీది మాటగా లేదనడానికి ఒక సాక్ష్యం ఉంది. అది భూమికి విశ్రాంతి సంవత్సరమైనందున బేత్సూరులో ముట్టడి వేయబడినవారికి ఆహారం చాలక లొంగిపోయారని అదే గ్రంథం 6వ అధ్యాయం తెలుపుతుంది. ప్రాణం మీదికి వచ్చినా వారు ఏడవ ఏట విత్తలేదు.

6. రోమా, హేరోదు, రాతకోతలు

క్రీ.పూ. 63లో పొంపే యెరూషలేములో ప్రవేశించాడు. క్రీ.పూ. 43లో కాస్సియస్ యూదా దేశం మీద 700 తలాంతులు విధించాడు. గలిలయ వంతు 100 తలాంతులను అందరికంటె ముందు వసూలు చేసి ఇచ్చి మెప్పు పొందినవాడు యౌవనస్థుడైన హేరోదు. కట్టలేకపోయిన గోఫ్నా, ఎమ్మాయు, లుద్ద, తమ్నా అనే నాలుగు పట్టణాల ప్రజలను కాస్సియస్ దాసులుగా అమ్మించాడని జోసీఫస్ వ్రాశాడు. యేసు పుట్టుకకు నలభై ఏండ్ల లోపు సంగతి ఇది. అమ్మబడినవారి బంధువులు ప్రభువు బాల్యంలో ఇంకా బ్రతికి ఉండి ఉంటారు.

హేరోదు క్రీ.పూ. 37 నుండి 4 వరకు ఏలాడు. కరువులో తన వెండి బంగారు సామాను కరిగించి ఐగుప్తు నుండి ధాన్యం తెప్పించాడనే మంచి మాట కూడా అతని గురించి చెప్పవలసి ఉంది. అతడు కట్టించిన కైసరయ ఓడరేవు, కోటలు, విస్తరింపజేసిన దేవాలయం మాత్రం ప్రజల శిస్తు మీదనే లేచాయి. క్రీ.శ. 6లో యూదయ రోమా పరగణాగా మారినప్పుడు కురేనియ జనాభా, ఆస్తి లెక్కలు వ్రాయించాడు. గలిలయుడైన యూదా తిరుగుబాటు లేపాడు (అపొ.కా. 5:37). సీమలో మన్రో సర్వే గొలుసులు లాగినప్పుడు పాలెగాళ్ళు ఎందుకు అల్లాడిపోయారో తెలిసినవారికి, లెక్కలు వ్రాయడం ఒక దేశాన్ని ఎందుకు కలవరపెట్టిందో తెలుస్తుంది. కొలిచినవాడే ఏలుతాడు.

7. హిల్లేలు చేసిన ఏర్పాటు

ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయం ఏడవ సంవత్సరాన అప్పులు విడిచిపెట్టాలని ఆజ్ఞాపిస్తుంది. ఏడవ ఏడు దగ్గరపడుతున్నదని లోభించి, బీద సహోదరునికి అప్పు ఇవ్వకుండా ముఖం తిప్పుకొనవద్దని 9వ వచనం ముందే హెచ్చరిస్తుంది. హేరోదు కాలంలో ఆ హెచ్చరిక నిజమైంది. ఏడవ ఏడు సమీపించగానే ఎవరూ అప్పు ఇవ్వడం లేదు. విత్తనాలకు అప్పు పుట్టకపోతే బీదవాడు ముందే చస్తాడు. అప్పుడు ధర్మశాస్త్ర బోధకుడైన హిల్లేలు "ప్రోస్బూల్" అనే ఏర్పాటు చేశాడు. అప్పు పత్రాన్ని న్యాయసభకు అప్పగిస్తే ఏడవ ఏట కూడా ఆ బాకీ రద్దు కాదు. దీని వృత్తాంతం మిష్నాలో ఉంది. యూదయ అరణ్యంలోని మురబ్బాత్ గుహలలో దొరికిన అరామిక్ పత్రం ఒకటి నీరో చక్రవర్తి రెండవ ఏట, అనగా క్రీ.శ. 55-56లో వ్రాయబడింది. 20 జూజుల ఆ చిన్న అప్పును విడుదల సంవత్సరమైనా సరే తీరుస్తానని ఋణస్థుడు ఒప్పుకున్నాడు.

హిల్లేలును ధర్మశాస్త్రాన్ని వమ్ము చేసినవాడని తొందరపడి తీర్పు తీర్చరాదు. బీదవానికి అప్పు పుట్టాలనేదే అతని ఉద్దేశం. పరిసయ్యుల సంప్రదాయాన్ని మన ప్రసంగాలలో ఒకే రంగుతో పూయడం చరిత్రకు న్యాయం కాదు. అయితే ఫలితం ఏమిటి? అప్పు పుట్టింది గాని విడుదల పోయింది. మంచి మనసుతో చేసిన ఏర్పాటు సైతం బీదవాని చేతి నుండి అతని చివరి ఆశను తీసుకున్నది. మన కాలంలోనూ ఇట్టిది జరిగింది. బీద స్త్రీలకు పూచీకత్తు లేకుండా అప్పు ఇస్తామని వచ్చిన సూక్ష్మ ఋణ సంస్థల వారపు కిస్తుల ఒత్తిడి మీద ఫిర్యాదులు పెరిగి, ఆత్మహత్యల వార్తలు రాగా, 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తీసుకురావలసి వచ్చింది.

8. అప్పు, పాపము: ఒకే మాట

యేసు ప్రభువు మాట్లాడిన అరామిక్ భాషలో "హోబా" అనే మాటకు అప్పు అనే అర్థం, పాపం అనే అర్థం రెండూ ఉన్నాయి. ప్రభువు నేర్పిన ప్రార్థన మత్తయి 6:12లో "ఋణములు" అని ఉండగా, లూకా 11:4లో మొదటి సగంలో "పాపములు" అని, రెండవ సగంలో మనకు "అచ్చియున్న" వాని సంగతి ఉంది. అచ్చియుండడం అంటే బాకీపడి ఉండడం. ఈ పాత మాట నేడు వాడుకలో లేనందున చాలామంది విశ్వాసులు దానిని అర్థం తెలియకుండానే చదువుతారు. లూకా 13:4లో మన బైబిలు అపరాధులు అన్న చోట కూడా గ్రీకు మూలంలో ఉన్నది ఋణస్థులు అనే మాటే. కొన్ని ప్రార్థన పుస్తకాలలో "అపరాధములు" అని వ్రాసినందువల్ల ఈ సంబంధం ఇంకా మరుగుపడింది.

ఈ రెండు అర్థాలను కలిపి ధ్యానించడం ప్రభువు కాలానికి ముందే యూదులలో మొదలైంది. 1956లో కుమ్రాను 11వ గుహలో దొరికిన చుట్టలలో మెల్కీసెదెకును గురించినది ఒకటి ఉంది. అది లేవీయకాండము 25లోని సునాద సంవత్సరాన్ని, ద్వితీయోపదేశకాండము 15లోని అప్పుల విడుదలను, యెషయా 61లోని చెరలో ఉన్నవారి విడుదలను ఒకచోట చేర్చుతుంది. అంత్యదినాలలో మెల్కీసెదెకు వచ్చి తనవారిని వారి దోషభారం నుండి విడిపిస్తాడని వివరిస్తుంది. "నిశ్శబ్ద కాలం" అనబడిన ఆ దినాలలో లేఖనాలను ముందు పెట్టుకొని విడుదల కోసం ఇంత లోతుగా ఎదురుచూచిన ప్రజలున్నారు. ప్రవక్త లేని కాలమే గాని వాక్యం లేని కాలం కాదు.

ఇప్పుడు లూకా 4వ అధ్యాయానికి వద్దాం. నజరేతు సమాజమందిరంలో యేసు యెషయా గ్రంథం విప్పి చదివిన భాగం అదే 61వ అధ్యాయం. హితవత్సరము అనే మాట వినగానే ఆ చాపల మీద కూర్చున్నవారికి ఏమి తోచి ఉంటుంది? నెహెమ్యా నాటి మొర, సొంతవారే పాడిన ఇజారా, రాజుల బాకీకి దోచబడిన దేవాలయం, నాలుగు పట్టణాల దాస్యం, ప్రోస్బూల్ పత్రాలు, ఇవన్నీ మోసిన ప్రజలు వారు. ఆ లేఖనం ఈ దినమే నెరవేరిందని ఆయన చెప్పినప్పుడు అది గాలిలో మాట కాలేదు.

మత్తయి 18లోని ఉపమానంలో దాసుడు అచ్చియున్నది 10,000 తలాంతులు. జోసీఫస్ లెక్క ప్రకారం గలిలయను, పెరయను ఏలిన హేరోదు అంతిపకు ఏటా వచ్చే ఆదాయం 200 తలాంతులు. అంటే ఒక చతుర్థాధిపతి యాబై ఏండ్ల రాబడి అంత అప్పు. విన్నవారు నవ్వి ఉంటారు, తరువాత ఊరకుండి ఉంటారు. భార్యాబిడ్డలను అమ్మి బాకీ తీర్చమన్న ఆజ్ఞ వారికి కొత్త కాదు. రాజు క్షమించిన తరువాత ఆ దాసుడు 100 దేనారముల కోసం తోటివాని గొంతు పట్టుకున్నాడు. ప్రభువు ఇక్కడ ఎవరి మీద తీర్పు పెట్టాడో గమనించాలి. అప్పుపడినవాని మీద కాదు. క్షమింపబడి క్షమించనివాని మీద.

ఇదే ఈ వ్యాసంలో మేము ముఖ్యంగా చెప్పదలచినది. మన పాపం దేవునికి మనం అచ్చియున్న అప్పు వంటిది. అంతేగాని మనుష్యునికి అప్పుపడడం పాపం కాదు, అప్పుపడినవాడు అప్పుపడినందువలన పాపి కాడు. ఒకే మాటకు రెండర్థాలు ఉన్నందున ఈ రెంటిని తారుమారు చేసే ప్రమాదం ఉంది. మన గ్రామాలలో ఆ తారుమారు ప్రతిదినం జరుగుతున్నది.

9. కాలిన పత్రాలు, పంచుకున్న రొట్టె

క్రీ.శ. 66లో రోమా మీద తిరుగుబాటు మొదలైనప్పుడు యెరూషలేములో తిరుగబడినవారు చేసిన మొదటి పనులలో ఒకటి పత్రాల భవనాన్ని తగులబెట్టడం. అప్పు పత్రాలు కాలిపోతే బాకీదారులందరు తమ పక్షాన నిలుస్తారని వారి ఆలోచన అని జోసీఫస్ వ్రాశాడు. మన దక్కనులో 1875లో పూనా, అహమద్‌నగర్ జిల్లాల రైతులు వడ్డీ వ్యాపారుల ఇండ్లపై పడి పత్రాలు లాగి కాల్చినది జ్ఞాపకం చేసుకుంటే దీనికి వేరే వ్యాఖ్యానం అక్కరలేదు. యెరూషలేములో రాజుకున్న మంట పత్రాలతో ఆగలేదు. క్రీ.శ. 70లో దేవాలయం కూడా కాలిపోయింది.

అదే పట్టణంలో మరొక మార్గం కూడా అప్పటికే ఉంది. అపొస్తలుల కార్యములు 4:34 వారిలో కొదువగలవాడు ఒకడును లేడని తెలుపుతుంది. ఇది ద్వితీయోపదేశకాండము 15:4లోని వాగ్దానాన్ని ఎత్తి చూపుతున్నది. విడుదల సంవత్సరం చెప్పిన అదే అధ్యాయం! ప్రోస్బూల్ వల్ల చేజారినదానిని ఆదిమ సంఘం ఏడవ ఏటి కోసం చూడకుండా ఆచరించింది. క్లౌదియ కాలపు కరువులో అంతియొకయ సంఘం యూదయకు సహాయం పంపింది (అపొ.కా. 11:28-30). అదే కరువులో అదియాబెనే రాణి హెలేనా ఐగుప్తు నుండి ధాన్యం, కుప్ర నుండి అంజూరపు పండ్లు తెప్పించి యెరూషలేము బీదలకు పంచింది. పౌలు అన్యజనుల సంఘాలలో పోగుచేసిన చందా కూడా యెరూషలేములోని బీదల నిమిత్తమే (రోమా 15:26). క్రైస్తవ సంఘపు మొదటి ఉమ్మడి కార్యం భవనం కట్టడం కాదు, కరువులో ఉన్నవారికి సహాయం పంపడం.

10. మన సంఘాలకు వర్తింపు

కడపలో లండన్ మిషను 1822లో పని ఆరంభించింది. తరువాత ఎస్.పి.జి. మిషను ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల కేంద్రాలుగా పనిచేసింది. ఈ సంఘాలలో చేరినవారిలో అత్యధికులు భూమి లేని మాల, మాదిగ కుటుంబాలవారు. తండ్రి చేసిన బాకీకి కొడుకు ఏండ్ల తరబడి రెడ్డి ఇంట జీతగాడుగా ఉండడం నాటి వాడుక. వెట్టి చాకిరిని చట్టం 1976లో గాని రద్దు చేయలేదు. నెహెమ్యా 5ను మన సంఘాల పూర్వికులు చదివి ఉంటే పరదేశపు కథగా చదివి ఉండరు. ఈ వారసత్వం గల సంఘాల కాపరులకు మేము వినయంగా నాలుగు మాటలు మనవి చేస్తున్నాము.

మొదటిది. అప్పుల బాధతో ప్రాణం తీసుకున్న రైతు ఇంటికి సేవకుడు వెళ్ళినప్పుడు ఆ ఇంటివారు ఆయన నోటి మాట కోసం చూస్తారు. ఊరంతా ఇప్పటికే తీర్పు తీర్చి ఉంటుంది. అక్కడ నరకాన్ని గురించి తొందరపడి పలికే మాట ఆ విధవరాలి మీద మరొక బాకీ అవుతుంది. సిగ్గు వల్ల చనిపోయినవాడు ఆ సిగ్గును ఎక్కడ నేర్చుకున్నాడు? అప్పుపడినవాడు పాపి అని మన మందిరంలో కూడా విని ఉంటే, ఆ పాపంలో మనకు వంతు లేదా? అతడు బ్రతికి ఉన్నప్పుడే, అప్పు నేరం కాదని ప్రసంగవేదిక మీద నుండి అతడు విని ఉండవలసింది.

రెండవది. కానుక వేస్తే అప్పు తీరుతుందని చెప్పే బోధ నేడు వ్యాపించింది. యాజకత్వాన్ని పాడుకున్న యాసోను, మెనెలాయుల చరిత్ర చదివినవారు ఆ బోధకు దూరంగా ఉండాలి. బాకీలో ఉన్నవాని చివరి నోటు మందిరపు సంచిలో పడడం విడుదల కాదు.

మూడవది. సంఘంలో వడ్డీకి ఇచ్చేవారు ఉంటారు, కొన్నిచోట్ల సంఘపు నిధి కూడా వడ్డీకి తిరుగుతుంది. నెహెమ్యా ప్రధానులను గద్దించినప్పుడు తన పుస్తకాన్ని కూడా తెరిచాడు. సంఘ పెద్దలు తమలో తాము ఈ లెక్క చూచుకోవడం మంచి ఆరంభం. విత్తనాల కాలంలో వడ్డీ లేకుండా ఇచ్చే చిన్న నిధిని పది కుటుంబాలు కలిసినా పెట్టగలవు. ప్రోనోటు మీద వేలిముద్ర వేసేముందు చదివి వినిపించే సంఘ యౌవనస్థుడు ఒకడు ఉన్నా అది సేవే.

నాలుగవది. ప్రభువు ప్రార్థనను నేర్పేటప్పుడు ఋణములు అనే మాటను దాటిపోవద్దు. అది కేవలం ఆత్మసంబంధమైనదని చెప్పి తేలిక చేయవద్దు, కేవలం డబ్బు సంగతి అని చెప్పి కుదించవద్దు. దేవుడు మన పత్రాన్ని కొట్టివేశాడు (కొలొస్సయి 2:14). ఆ సంగతి నమ్మినవాని చేతిలో పొరుగువాని పత్రం ఎలా ఉండాలనేది ఆ ప్రార్థనలోనే ఉన్న ప్రశ్న.

11. ముగింపు

నెహెమ్యా నుండి నజరేతు వరకు సాగిన చరిత్ర రాజుల పట్టిక మాత్రమే కాదని చూచాము. పారసీకులు, గ్రీకులు, హస్మోనీయులు, రోమీయులు మారారు. శిస్తు కట్టిన పొలం అదే, అప్పు తెచ్చిన ఇల్లు అదే. ఆ ఇంట లేఖనం చదువబడుతూ ఉంది, విడుదల కోసం ఎదురుచూపు బ్రతికి ఉంది. యేసు ఆ ఎదురుచూపులోనికే వచ్చాడు. వేదాంత విద్యార్థులు ఈ కాలాన్ని ఇకమీదట చదివేటప్పుడు తేదీల ప్రక్కన ధాన్యం ధర, వడ్డీ రేటు కూడా వ్రాసుకోవాలని, సేవకులు వచ్చే విత్తనాల కాలంలో ఒక్క ఆదివారమైనా నెహెమ్యా 5వ అధ్యాయాన్ని సంఘంలో పూర్తిగా చదివి బోధించాలని కోరుతున్నాము.